చక్రం గొంతు

ఇటీవల ఒక ప్రయోగాత్మక సంగీతోత్సవానికి సంబంధించిన ఆంగ్ల పరిచయపత్రాన్ని తెనిగిస్తూ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. ఫ్రెంచివారి ‘మ్యూజీక్ కాంక్రెత్’ను ఏమనాలి? కాంక్రీటు సంగీతమంటే పాఠకునికి సిమెంటు బస్తాలు గుర్తుకు వస్తాయి. ‘మూర్త సంగీతం’ అని వ్రాశాను గాని, తృప్తి కలుగలేదు.

ఈ సంగీతానికి పుట్టినిల్లు రైలుపట్టాలే. ఫ్రెంచి రేడియోలో ఇంజనీరైన పియేర్ షెఫేర్ 1948లో, పారిస్‌లోని బాటిన్యోల్ స్టేషనులో ఆవిరి ఇంజన్ల బుసలను, ఈలలను, పెట్టెల గడగడలను గ్రామఫోను పళ్లాల మీద పట్టుకున్నాడు. టేపు ఇంకా ఆయన చేతికి రాలేదు. పళ్లెం మీది గాడిని వలయంగా మూసివేస్తే ముల్లు అక్కడే తిరిగి, అదే చప్పుడు మళ్లీ మళ్లీ పలుకుతుంది. ఇట్లా కూర్చిన రైళ్ల రచన, మూడు నిమిషాలైనా లేనిది, ఆ ఏడు అక్టోబరు 5న రేడియోలో వినవచ్చింది. శ్రోత రైలును మరచి, చప్పుడును చప్పుడుగానే వినాలని ఆయన కోరిక. 1966లో వెలువరించిన గ్రంథంలో దీనినే సిద్ధాంతంగా నిలిపాడు.

ఆ సిద్ధాంతమే నాకు మింగుడుపడదు. నేను ఖరగ్‌పూర్‌లో పుట్టినవాణ్ణి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాలవారు పొట్ట చేతపట్టుకుని వచ్చి స్థిరపడిన ఊరది. (మా 1072 మీటర్ల ప్లాట్‌ఫారమే ప్రపంచంలో పొడవైనదని 2013లో గోరఖ్‌పూర్ మించేదాకా గొప్పలు పోయేవాళ్లం.) మా నాన్నగారి ఉద్యోగం, బండి ఆగగానే పొడుగు పిడి సుత్తితో ఒక్కొక్క చక్రాన్నీ తట్టుకుంటూ పోవడం. మంచి చక్రం ఖంగుమంటుంది. బీటవారినది పగిలిన కుండలా బొంగురుపోతుంది. సంతలో ఇల్లాలు వేలి కణుపుతో కుండను తట్టిచూసే విద్యే. అయితే ఇక్కడ చెవి పొరబడితే పోయేది కుండ కాదు.

ఒక చలికాలపు రాత్రి ఆయనకు అన్నం క్యారియరు తీసుకువెళ్లాను. ఒక పెట్టె దగ్గర ఆగి, వెనక్కి వచ్చి, మళ్లీ తట్టి, వంగి చెవి ఒగ్గారు. ఎర్రదీపం ఊపారు. ఆ పెట్టెను తప్పించేసరికి గంట దాటింది. ప్రయాణికులు మూడు భాషల్లో తిట్టారు. ఇంటికి వచ్చాక ఆయన అన్నది ఒక్కటే: “చక్రం గొంతు మారిందిరా.”

మొన్న ఆయనకు షెఫేర్ రచన వినిపించాను. కళ్లు మూసుకుని విన్నారు.

“బరువు మీద కదులుతోంది,” అన్నారు. కొంతసేపటికి, “అదేమిట్రా, అక్కడక్కడే కొట్టుకుంటోంది, బండి ముందుకు పోదేం?” మూసిన గాడి సంగతి చెప్పాను. నవ్వారు. తరువాత అడిగారు: “ఆ డ్రైవరు ఎవరట?”

నా చేతిలోని పరిచయపత్రంలో స్వరకర్త పేరుంది, తేదీ ఉంది, నిమిషాల లెక్క ఉంది. డ్రైవరు పేరు లేదు.