పొయ్యి మారితే సరా?

మా అబ్బాయి ఆడే 'ఫాలవుట్ 4' అనే 2015 నాటి వీడియో గేమ్ మీద మొన్న మా ఇంట్లో పెద్ద రభసే జరిగింది. ఆవిరి యంత్రాల లోకమైతే స్టీమ్‌పంక్, డీజిల్ యంత్రాలదైతే డీజిల్‌పంక్ అంటారట. ఇందులో కార్లు కూడా అణుశక్తితో నడుస్తాయి గనుక ఇది అటామ్‌పంక్ అని వాడు తేల్చేశాడు.

నేనొప్పుకోలేదు. ఇంధనాన్ని బట్టి లోకానికి పేరు పెట్టడమేమిటండీ? కిరసనాయిలు స్టవ్వు పోయి గ్యాసొచ్చింది. పొయ్యి ముందు నిలబడే మనిషి మారిందా, మీరే చెప్పండి!

కథ మొదలయ్యేది 2077లో. పొద్దున్నే కాఫీ అందించడానికి మరమనిషి ఉన్నాడు. అయినా ఇళ్ళూ, దుస్తులూ, టీవీ పెట్టెలూ అన్నీ 1950ల నాటి అమెరికా పోకడే. యంత్రం ముందుకు పరుగెత్తింది, బుద్ధి అక్కడే చతికిలబడింది. చివరికి బాంబులు పడి సర్వం బూడిదయింది.

'పంక్' అంటే ఎదురు తిరగడమేగా! 'సామాను కొనుక్కుంటే చాలు, సుఖం అదే వస్తుంది' అన్న ఆనాటి నమ్మకం మీదే ఈ కథ ఎదురు తిరిగింది. పేరు అటామ్‌పంక్ అనే ఉంచుకోండి, అభ్యంతరం లేదు. కారణం మాత్రం కారు ఇంజనులో కాదు, ఆ ఇంటి హాల్లో వెతకండి.

ఇంత వాదించాక కాఫీ కలిపింది ఎవరనుకున్నారు? మా ఇంటి మరమనిషిని నేనేగా!