మెయిన్‌కు రాష్ట్రం వచ్చిన తొవ్వ

1785 జనవరి 1న అమెరికాలోని ఫాల్మౌత్ అనే రేవుపట్నంలో ఒక వారపత్రిక పుట్టింది. పేరు ఫాల్మౌత్ గెజెట్. మసాచుసెట్స్ నుంచి మెయిన్ ప్రాంతాన్ని విడదీసి ప్రత్యేక రాష్ట్రం చేయాలని వాదించడానికే దాన్ని పెట్టారు. అమెరికా స్వాతంత్ర్యాన్ని ఇంగ్లండ్ ఒప్పుకొని అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు. ఉద్యమ పత్రిక నడిపేవాళ్లం కనుక ఈ సంగతి చదివితే మాకు దూరపు చుట్టం ఎదురైనట్టే ఉంది.

మెయిన్ మసాచుసెట్స్‌లో భాగమే గాని రెండింటికీ పొలిమేర కలవదు. నడుమ న్యూ హాంప్‌షైర్ అడ్డం. శాసనసభ, సర్కారు, పెత్తనం అన్నీ బోస్టన్‌లో. అసలు ఆ నేల మీద హక్కును మసాచుసెట్స్ 1677లో గోర్జెస్ వారసుల దగ్గర 1,250 పౌన్లకు కొన్నది. కొన్నవాడికి కొనుక్కున్న నేల మీద ఉండే ధీమా ఎట్లుంటదో వేరే చెప్పనక్కర లేదు.

అయినా జనం ఒక్కసారిగా లేవలేదు. 1792లో, 1797లో, 1807లో ఓట్లు జరిగితే మూడుసార్లూ వేర్పాటువాదం గెలవలేదు. లోపలి ఊర్ల రైతులు కావాలన్నారు, రేవుల వ్యాపారులు వద్దన్నారు. వాళ్ల భయానికి కారణం ఉంది. 1789 నాటి చట్టం ప్రకారం సరుకు ఓడ తన పక్క రాష్ట్రం దాటి పోతే కస్టమ్స్ కాగితాలు, రుసుములు తప్పవు. మసాచుసెట్స్‌లో ఉన్నంత కాలం న్యూయార్క్ దాకా పక్క రాష్ట్రమే. విడిపోతే మిగిలేది న్యూ హాంప్‌షైర్ ఒక్కటే. సెంటిమెంటు కంటే రుసుము బరువు ఎక్కువ తూగింది.

1814లో ఇంగ్లండ్ సేనలు వచ్చి కాస్టిన్‌ను, తూర్పు మెయిన్‌ను పట్టుకున్నాయి. మసాచుసెట్స్ గవర్నర్ కేలబ్ స్ట్రాంగ్ విడిపించే ప్రయత్నం చేయలేదు. ఆపదలో పట్టించుకోని రాజధాని మనకెందుకన్న మాట అప్పుడు ఇల్లిల్లూ తిరిగింది.

ఇక 1816 సెప్టెంబరు ఓటు. ఇది తెలుసుకోదగ్గ కథ. మొత్తం ఓట్లలో తొమ్మిదింట ఐదు వంతులు అనుకూలంగా వస్తేనే విడదీస్తామని బోస్టన్ షరతు పెట్టింది. అనుకూలం 11,969, వ్యతిరేకం 10,347. మెజారిటీ వచ్చింది. కానీ షరతు ప్రకారం 12,398 కావాలి. నాలుగు వందల పైచిలుకు తక్కువ. బ్రన్స్‌విక్‌లో కూర్చున్న మన వేర్పాటువాద సోదరులు ఏం చేశారంటే, మొత్తం ఓట్లు పక్కన పెట్టి, ఊరూరా వచ్చిన మెజారిటీ తేడాలను మాత్రమే కూడారు. అవును అన్న ఊర్ల తేడాలు ఒక దిక్కు, కాదన్న ఊర్ల తేడాలు ఒక దిక్కు. అట్లా చూస్తే తొమ్మిదింట ఐదు దాటింది! ఈ లెక్క కట్టిన కమిటీకి నాయకుడు జాన్ హోమ్స్. బోస్టన్ శాసనసభ ఒప్పుకోలేదు. మేం ఎప్పుడూ విడిపోయేవాళ్ల పక్షమే, అయినా ఈ లెక్కను మాత్రం సమర్థించలేం. అడ్డగోలు షరతుకు దొంగలెక్క జవాబు కాదు. 1819లో ఓడల చట్టం మారి, వ్యాపారుల భయం పోయి, జులై 26న మళ్లీ ఓటు పెడితే 17,091 మంది కావాలన్నారు, 7,132 మంది వద్దన్నారు. ఏ మతలబూ అవసరం పడలేదు.

అక్కడి రాజ్యాంగం నాలుగో అధికరణ ప్రకారం పాత రాష్ట్ర శాసనసభ ఒప్పుకోకుంటే కొత్త రాష్ట్రం లేదు. మన మూడో అధికరణ అట్లా కాదు, శాసనసభ అభిప్రాయం అడిగితే చాలు. 2014 జనవరి 30న ఉమ్మడి శాసనసభ బిల్లును తిప్పికొట్టినా పార్లమెంటు తెలంగాణ ఇవ్వగలిగింది అందుకే. ఆ ఒక్క వాక్యం రాసిన పెద్దలకు మనం రుణపడి ఉన్నం.

మసాచుసెట్స్ ఒప్పుకున్నది గాని గడువు పెట్టింది. 1820 మార్చి 4లోగా కాంగ్రెస్ చేర్చుకోకుంటే ఒప్పందం రద్దు. ఇదే అదను అనుకున్నారు దక్షిణాది బానిస యజమానుల ప్రతినిధులు. మిజోరీని బానిసత్వంతో సహా రాష్ట్రంగా ఒప్పుకుంటేనే మెయిన్‌కు దారి అన్నారు. మిజోరీలో బానిసత్వంపై ఆంక్ష తీసేయాలా వద్దా అన్న ఓటు ప్రతినిధుల సభలో 90కి 87గా తేలింది. మూడు ఓట్ల తేడా. మెయిన్ ప్రాంతపు సభ్యులు ఏడుగురు. ముప్పై అయిదేండ్ల కల గడువు అంచున వేలాడుతుంటే వాళ్లలో ఐదుగురు ఈ బేరానికి ఒప్పుకోలేదు. ఒప్పుకున్న ఇద్దరిలో ఒకరు మన బ్రన్స్‌విక్ లెక్కల హోమ్స్ గారే. 1820 మార్చి 15న మెయిన్ రాష్ట్రమైంది. మిజోరీలో నల్లవాళ్ల మెడల మీద కాడి ఇంకా నలబై ఏండ్లకు పైగా దిగలేదు.

ఆ కొత్త రాష్ట్రం తన ఇంట్లోని మూలవాసులను ఎట్లా చూసిందో కూడా చెప్పాలి. పెనాబ్‌స్కాట్, పాసమక్వాడీ తెగలకు మసాచుసెట్స్ ఇచ్చిన హామీలను మెయిన్ తన మీద వేసుకున్నది, అందుకు 30,000 డాలర్లు తీసుకున్నది. ఆ హామీల అధ్యాయం అమల్లోనే ఉంటది గాని రాజ్యాంగం ప్రతుల్లో అచ్చు వేయరాదని 1875లో సవరణ చేసింది. పెద్దమనుషుల ఒప్పందం గతి చూసినవాళ్లకు ఈ విద్య కొత్త కాదు. అక్కడి ఓటర్లు దాన్ని మళ్లీ అచ్చు వేయించడానికి ఒప్పుకున్నది 2023 నవంబరులో.

మనకు రాష్ట్రం వచ్చిన 2014లోనే పోలవరం ముంపు పేరిట ఖమ్మం జిల్లా ఏడు మండలాల్లోని కోయల, కొండరెడ్ల ఊర్లు పోయినయి. బానిసత్వంతో పోల్చడం మా ఉద్దేశం కాదు. కానీ ఆ ఊర్ల పేర్లు ఇప్పుడు మన సభల్లో ఎవరూ ఎత్తడం లేదు. ఎన్ని కుటుంబాలు కదిలాయి, ఎవరికి ఎక్కడ భూమి దక్కింది, ఎవరికి దక్కలేదు అన్న లెక్కను ఊరూరి పేరుతో రెండు ప్రభుత్వాలూ అచ్చు వేసి జనం ముందు పెట్టాలని మేం అడుగుతున్నాం.