ఇది టైంపాస్ కాదమ్మా

పోయిన నెల ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూములో అన్నం తిన్నాక సంచిలోంచి లేసు సూది, దారపు ఉండ బయటికి తీశాను. అసైన్‌మెంటు ఇవ్వడానికి వచ్చిన సెకండియర్ పిల్ల ఒకతి గుమ్మంలోనే ఆగిపోయింది. "మేడం, మీకు క్రోషే వచ్చా?" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపే, "రిటైరయ్యాక మంచి టైంపాస్ మేడం" అంది. మంచి పిల్ల, మంచి మనసుతోనే అంది. నేనూ నవ్వి ఊరుకున్నాను. కాని ఆ మాట లోకల్ ట్రైన్ ఎక్కి ఇంటిదాకా నా వెంటే వచ్చింది. గోడపత్రిక ఎడిటర్లకి వేరే వ్యాసం ఒప్పుకున్నాను. దాన్ని పక్కన పెట్టి ఇది రాస్తున్నాను. నన్ను క్షమించాలి.

వచ్చే జూన్‌తో నా ఉద్యోగం అయిపోతుంది. ఆ మాట బయటికి వచ్చినప్పటినుంచి మా ఇంట్లో అందరూ నా టైంటేబుల్ వేసేశారు. "ఇంక పాపని క్రెష్‌లో వెయ్యక్కర్లేదమ్మా" అంటాడు మా అబ్బాయి. "ఇంక పొద్దున్నే హడావిడి లేకుండా వేడివేడిగా ఇడ్లీలు తినొచ్చు" అంటారు మావారు. "ఇంక నువ్వూ మాతో యాత్రలకి రావచ్చు" అంటుంది మా తోటికోడలు. ఎవరూ చెడ్డవాళ్లు కారు. అందరివీ ప్రేమ మాటలే. అయితే ముప్పై ఏళ్లకి పైగా గంట కొట్టినప్పుడల్లా లేచి క్లాసుకి నడిచిన మనిషిని నేను. ఆ గంట ఆగిపోతోందని తెలియగానే తలా ఒక గంట చేతపట్టుకుని నిలబడ్డారేమిటా అనిపించింది. ఆడమనిషికి వయసు మీద పడటం అంటే, ఆమె కాలమంతా ఖాళీ అయినట్టు మిగతావాళ్లకి కనబడటమే కాబోలు.

ఈ లేసు కథ చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మా పుట్టిల్లు నరసాపురం దగ్గర పల్లెటూరు. నాలుగు తరాలుగా చెన్నపట్నంలో స్థిరపడ్డ తెలుగువాళ్లింటికి కోడలిగా వచ్చాను. మా చిన్నప్పుడు మా ఊళ్లో మధ్యాహ్నం వేళ ఏ పెరటి వసారాలో చూసినా నలుగురైదుగురు ఆడవాళ్లు గోడకి చేరగిలబడి, కాళ్లు చాపుకుని లేసు అల్లుతూ ఉండేవారు. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని అది. తల్లులు కూతుళ్లకి నేర్పారు, పక్కింటివాళ్లు చూసి పట్టుకున్నారు. నేను పుట్టేనాటికి వాకిట్లో ముగ్గంత మామూలైపోయింది.

ఏజెంటు దారం తెచ్చి ఇచ్చేవాడు. కొన్నాళ్లకి వచ్చి ముక్కలు లెక్కపెట్టుకుని పట్టుకుపోయేవాడు. పూలు అల్లేవాళ్లు వేరు, వాటిని కలిపి అతుకుపని చేసేవాళ్లు వేరు. మా అమ్మ పూలు అల్లేది. ఆ పూలు చివరికి టేబుల్ క్లాతు అయ్యాయో, దిండు గలీబు అయ్యాయో, ఏ దేశంలో ఎవరి బల్ల మీద పరిచారో అమ్మ ఒక్కసారీ చూడలేదు. అన్నేళ్లు అల్లినా మా ఇంట్లో మాత్రం లేసు ముక్క ఒక్కటి కూడా ఉండేది కాదు. ప్రతి మూరకీ లెక్క ఉన్న దారం అది. మన ఇంటికి మిగిలేది కాదు.

అమ్మ గడప దాటి కూలికి వెళ్లడం మా ఇంట్లో పరువు తక్కువ. గడపలోపల రాత్రి పదకొండింటిదాకా దీపం ముందు కూర్చుని కూలికి అల్లితే మాత్రం పరువుకేమీ కాలేదు. ఆ డబ్బుతోనే నా ఇంటర్ ఫీజు కట్టింది. నాకు పదేళ్లప్పుడు ఒకసారి సరదాపడి సూది పట్టుకుంటే చేతి మీద ఒక్కటిచ్చింది. "నీకెందుకే ఇది? పోయి ఎక్కాలు చదువుకో" అంది. ఊళ్లో నా ఈడు పిల్లలందరికీ వచ్చిన పని నాకు రాకుండా కాపు కాసింది. నేను ఆ దెబ్బని అర్థం చేసుకున్న తీరు వేరు. చదువు అబ్బనివాళ్లు చేసే పని కాబోలు అనుకున్నాను. కాలేజీ అప్లికేషనులో 'తల్లి వృత్తి' అన్న చోట 'ఏమీ లేదు' అని రాసింది నేనే. నా చేత్తోనే రాశాను.

ఎమ్మే చదివే రోజుల్లో లైబ్రరీలో ఒక ఇంగ్లీషు పుస్తకం కంటబడింది. పేరు 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నార్సపూర్'. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త రాసింది, 1982లో అచ్చయింది. మా ఊరి ఆడవాళ్ల గురించి ఎక్కడో జర్మనీ ఆవిడ పుస్తకం రాయడమేమిటని ఆశ్చర్యపోతూ తెరిచాను. ఆవిడ చెప్పింది క్లుప్తంగా ఇదీ: ఈ ఆడవాళ్లు అల్లిన సరుకు ప్రపంచ మార్కెట్టుకి వెళుతోంది, కాని వీళ్లని ఎవరూ పనివాళ్లుగా లెక్కపెట్టడం లేదు. ఇంటిపట్టున ఉండే గృహిణులు, తీరిక వేళల్లో ఏదో చేసుకుంటున్నారు అనుకుంటున్నారు. ఆ అనుకోవడం వల్లనే కూలి అంత తక్కువగా ఉండటానికి వీలవుతోంది.

'తీరిక' అనే ఒక్క మాటతో ఒక జీవితకాలపు కష్టాన్ని లెక్కలోంచి ఎలా తీసెయ్యొచ్చో నాకు అప్పుడు అర్థమైంది. సెకండియర్ పిల్ల 'టైంపాస్' అన్నప్పుడు నేను ఉలిక్కిపడింది అందుకే. పాపం ఆ పిల్లకి ఇదంతా ఎలా తెలుస్తుంది?

అమ్మ పోయి నాలుగేళ్లయింది. సంవత్సరీకాలకి వెళ్లినప్పుడు మా తమ్ముడి భార్య ఒక బిస్కెట్ల డబ్బా నా చేతిలో పెట్టింది. అందులో సూది, తెల్లదారం ఉండ, సగం అల్లిన లేసు ఉన్నాయి. ఆఖరి ముడి జారిపోకుండా పిన్నీసు గుచ్చి ఉంది. "ఏజెంట్లకి అల్లడం మానేసి చాలా ఏళ్లయింది కదమ్మా, ఇదెవరిది?" అన్నాను. "ఎవరిదీ కాదు వదినా, అత్తయ్యదే. డెబ్భై దాటాక తనంతట తనే మొదలెట్టింది. సాయంత్రం కిటికీ పక్కన కూర్చుని రోజుకి ఒకటో రెండో పూలు అల్లుకునేది. మీరొస్తున్నారంటే మాత్రం తీసి దాచేసేది. మా అమ్మాయి చూస్తే కోప్పడుతుంది అనేది" అంది.

నేను జవాబు చెప్పలేకపోయాను. చదువుకున్న కూతురు కోప్పడుతుందని ఒక తల్లి తన చేతిలో పనిని దాచుకుంది. దాచుకోవాల్సిన పని అని ఆమెకి నేర్పింది నేనే.

ఆ డబ్బా చెన్నై తెచ్చుకున్నాను. మా కింది ఫ్లోరులో ఉండే తమిళ మామి చైను వెయ్యడం నేర్పింది. ప్యారిస్ కార్నర్ సందుల్లో తిరిగి అదే రకం దారం వెతికి తెచ్చుకున్నాను. ఆరు చైన్లు వేసి కలిపితే చిన్న చుట్టు. దాని చుట్టూ కాడలు లేపుతూ పోతే పువ్వు. వినడానికి ఇంతే. మొదటి పువ్వుకి నాకు పదకొండు రోజులు పట్టింది. కళ్లజోడు మార్పించాను. కుడిచేతి బొటనవేలి కీలు రాత్రిళ్లు సలుపుతుంది. లెక్క తప్పితే కొస పట్టుకుని లాగడమే, క్షణంలో అంతా ఊడిపోయి దారం దారంగా మిగులుతుంది. మళ్లీ మొదలు. పిల్లల చేత సంధులు తిరగరాయించిన మనిషికి ఈ వయసులో ఒకటో తరగతి బెంచీ మీద కూర్చోవడం ఒంటికి మంచిదే. క్లాసులో ఎంత చెప్పినా అర్థంకాక బిక్కమొహం వేసే పిల్లల మీద నాకు ఈ రెండేళ్లలో ఓర్పు పెరిగింది. మీరే సాక్ష్యం.

ఇక నేను చెప్పదలచుకున్నది చెబుతాను. మా అమ్మ నన్ను దూరంగా ఉంచింది ఆ పనికి కట్టిన కూలి నుంచి, పని నుంచి కాదు. ఈ రెండిటికీ తేడా తెలుసుకోవడానికి నాకు దాదాపు అరవయ్యేళ్లు పట్టింది. గడువు లేకుండా, లెక్క చూసే ఏజెంటు లేకుండా, ఎంత బాగుంటే అంత బాగా అల్లుకునే హక్కు ఆమెకి డెబ్భై దాటాకే వచ్చింది. అది కాలక్షేపం ఎలా అవుతుంది? ఆవిడ జీవితం మొత్తంలో తన కోసం చేసుకున్న పని అదొక్కటే.

మా అమ్మాయి నా లేసు చూసి, "అమ్మా, ఇన్‌స్టాలో పేజీ పెడతాను, అమ్ముదాం. పెద్దవాళ్లు చేసినవంటే మంచి గిరాకీ" అంది. వద్దన్నాను. దానికి కోపం వచ్చింది. "ఫ్రీగా చేస్తే వాల్యూ ఉండదమ్మా" అంది. దాని మాటలో నిజం లేకపోలేదు. కాని ధర కట్టగానే గడువు వస్తుంది, గడువు వెనకాలే అమ్మ కూర్చున్న ఆ దీపం వస్తుంది. నాకు పెన్షన్ వస్తుంది కాబట్టి ఆ దీపం వద్దనగలుగుతున్నాను.

"పెన్షన్ వచ్చే మేడం ఎన్నయినా చెబుతుంది" అని మీలో ఎవరైనా అనుకుంటే అది న్యాయమే. మన కాలేజీ గేటు బయట పూలు కట్టి అమ్మే ఆవిడది ఇంచుమించు నా వయసే. ఆవిడ వేళ్లు నా వేళ్లకన్నా పదిరెట్లు వేగంగా కదులుతాయి. ఆవిడతో "చేతిపని మనశ్శాంతినిస్తుంది" అనడానికి నాకు నోరు రాదు. అందుకని నా లెక్క ఇలా పెట్టుకున్నాను. బతుకుతెరువు కోసం చేసేవాళ్ల చేతిపనికి పూర్తి ధర ఇవ్వాలి, మూరకి అయిదు రూపాయలు తగ్గించమని బేరం ఆడకూడదు. తన కోసం చేసుకునేవాళ్లని మాత్రం "ఇది అమ్మితే ఎంతొస్తుంది" అని అడగకూడదు. ఈ రెండు మర్యాదలూ మన ఇళ్లలో తిరగబడి ఉన్నాయి. పూలావిడ దగ్గర గీసి గీసి బేరం ఆడతాం, ఇంట్లో అమ్మమ్మ ఏదైనా కుట్టుకుంటుంటే "ఎందుకా అవస్థ, బజార్లో అంతకన్నా చవగ్గా దొరుకుతుంది" అంటాం.

నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేపర్లో చూసి పొంగిపోయాను. ఆ గుర్తింపు లేసు పేరు దగ్గర ఆగిపోకుండా, అల్లే చేతిదాకా వస్తే ఇంకా పొంగిపోతాను.

ఇదంతా తెలుగు డిపార్ట్‌మెంటు గోడ మీద ఎందుకంటారా? ఒక కారణం ఉంది. మనం నిలబడ్డ ఈ ఊరే చేతిపనుల మీద లేచిన ఊరు. 1734లో కంపెనీవాళ్లు కూవం ఒడ్డున నేతపనివాళ్ల కోసం కట్టించిన పేట మన చింతాద్రిపేట. తమిళంలో 'చిన్న తఱి పేట్టై', అంటే చిన్న మగ్గాల పేట. ఆ పేరు నోట్లో నలిగి నలిగి ఇలా అయింది. పోయినేడు నా క్లాసులో ఒక అమ్మాయి, "మా తాతల తాతలు మగ్గం నేసేవారట మేడం" అంది. "కండె అంటే తెలుసా?" అని అడిగాను. తెలియదు. ఇంటికెళ్లి నానమ్మని అడిగింది. ఆవిడ కండె ఏమిటో చెప్పి, పడుగు, పేక, నాడె, ఆసు అని వరసగా చెప్పుకుంటూ పోయిందట. "మేడం, మా నానమ్మ అంతసేపు మాట్లాడటం నేనెప్పుడూ చూళ్లేదు" అంది మర్నాడు వచ్చి.

పదో తరగతిదాకా తమిళంలోనో ఇంగ్లీషులోనో చదువుకుని, ఇక్కడికి వచ్చాక ఓనమాలు దిద్దుకున్నవాళ్లు మీలో చాలామంది. తెలుగు పుస్తకాల్లోనే ఉంటుందని మీరు అనుకోవచ్చు. మన ఇళ్లలో ముసలివాళ్ల చేతుల్లోనూ బోలెడంత తెలుగు ఉంది. చెయ్యి కదిలితే మాట బయటికి వస్తుంది. చెయ్యి ఆగిపోతే మాట కూడా ఆగిపోతుంది.

అందుకని పొంగల్ సెలవులకి ఒక పని. మార్కులు లేవు. ఇంట్లో పెద్దావిడ ఎవరున్నా సరే, అమ్మమ్మ కానీ నానమ్మ కానీ అత్త కానీ, "పెళ్లికి ముందు నీ చేతికి ఏ పని వచ్చేది?" అని అడగండి. విస్తరాకులు కుట్టడమా, చాపలు అల్లడమా, బొంతలు కుట్టడమా, ఏదైనా సరే. ఆ పనికి సంబంధించిన పది మాటలు రాసుకు రండి. వచ్చే గోడపత్రిక అంతా ఆ మాటలతోనే నింపుదాం. ఇంకో మాట. ఆవిడ మళ్లీ ఆ పని పట్టుకుంటానంటే, కిటికీ దగ్గర ఒక మంచి కుర్చీ, మంచి దీపం, రోజుకి ఒక గంట ఆవిడకి వదిలెయ్యండి. ఆ గంటలో కాఫీ అడగొద్దు, పిల్లల్ని ఒళ్లో పడెయ్యొద్దు. నేను మా ఇంట్లో ఈ మాట చెప్పేశాను. సాయంత్రం అయిదు నుంచి ఆరు నాది. మావారు రెండురోజులు ముభావంగా ఉండి, మూడోరోజు కాఫీ తనే కలుపుకున్నారు. నాకూ ఇచ్చారు.

అమ్మ లేసు ఇంకా పూర్తి కాలేదు. ఆవిడ అల్లిక బిగువు, నాది వదులు. ఆవిడ చెయ్యి ఎక్కడ ఆగిందో, నా చెయ్యి ఎక్కడ మొదలైందో ఎవరు చూసినా చెప్పగలరు. ఆ రెండూ కలిసిపోవాలని మూడుసార్లు విప్పి అల్లాను. ఇంక విప్పదలచుకోలేదు. చూడాలనుంటే స్టాఫ్ రూముకి రండి. నేర్చుకోవాలనుంటే గురువారం లంచ్ అవర్‌లో రండి. సూది మీరే తెచ్చుకోవాలి, దారం నేనిస్తాను.