గరికకున్న విలువ గరిక పెంచేవాడికి లేదా?

పొలంలో కలుపని పీకి గట్టున పారేసే గరిక, వినాయక చవితికి కోసుకొచ్చే గరిక మనందరికీ తెలుసు. దాన్నే బయటి దేశాల్లో బెర్ముడా గడ్డి అంటారు. ఎడారి గోల్ఫ్ మైదానాలెన్నింటినో పచ్చగా ఉంచేది ఈ గడ్డి, దాని సంకర రకాలే. దుబాయ్‌లో ఎమిరేట్స్ గోల్ఫ్ క్లబ్ 1988లో మొదలైంది. 1989లో అక్కడ డెజర్ట్ క్లాసిక్ పోటీలు ఆరంభమయ్యాయి. టీవీలో ఆటగాడిని చూస్తాం. ఇసుకలో గడ్డిని నిలబెట్టినవాడు మాత్రం మనకు కనబడడు.

మా చిన్నాన్న గల్ఫ్‌లో అలాంటి ఒక మైదానంలో తొమ్మిదేళ్లు పనిచేశాడు. పోటీల రోజుల్లో తెల్లారకముందే పని మొదలు. గుంత ఉండే 'గ్రీన్' మీద గడ్డిని మూడు మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కోయాలి. మరీ కిందికి కోస్తే ఎండకు మాడిపోతుంది, ఎత్తుగా వదిలితే బంతి సరిగా దొర్లదు. 108 మిల్లీమీటర్ల వెడల్పున్న గుంతను రోజుకో చోటికి మార్చి, పాతదాన్ని అతుకు కనబడకుండా పూడ్చాలి. నేల బిగుసుకోకుండా రంధ్రాలు పొడిచి ఇసుక నింపాలి. నీటిలోని ఉప్పు నేలలో పేరుకోకుండా చూసుకోవాలి. చలికాలంలో గరిక ఎదుగుదల మందగిస్తే, దానిపై రై గడ్డి విత్తనం చల్లాలి.

నేను ఎమ్మెస్సీ బోటనీలో చదివిన పాఠాల్లో సగం ఆయన చేతులకు ముందే తెలుసు. కానీ తిరిగొచ్చేటప్పుడు ఇచ్చిన కాగితంలో ఉన్నది ఒక్కటే మాట: 'హెల్పర్'. దాన్ని పట్టుకుని విశాఖలో పని అడిగితే రోజుకూలీయే దొరికింది. ఇదే ఊళ్లో వెల్డరుకు, క్రేన్ ఆపరేటరుకు సర్టిఫికెట్ ఉంటే పోర్టులోనైనా స్టీల్‌ప్లాంటులోనైనా అడిగే జీతం వేరు. గడ్డి పనికి ఆ గౌరవం ఎందుకు లేదు? ముడసర్లోవ దగ్గరి ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌లోనూ వృత్తి ఆటగాళ్ల పోటీలు జరిగాయి. ఆ పని తెలిసినవారి అవసరం మన ఊరికీ ఉంది.

"గోల్ఫ్ డబ్బున్నవాళ్ల ఆట, మనకెందుకు?" అని కొందరు అనవచ్చు. తాగునీటికి కటకటలాడే చోట గడ్డికి అంత నీరు పోయడం సరికాదని నేనూ అంటాను. శుద్ధి చేసిన మురుగునీరే వాడాలి. కానీ ఆట ఎవరిదైనా పని మనవాళ్లది. పనిలోని విద్యను గుర్తించమని అడగడం మన హక్కు.

ముందే నేర్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో వచ్చింది. మైదానాల సంరక్షణ పని చేసేవారికీ అలాంటి సర్టిఫికెట్ అందాలి. ఉద్యోగాల్లో స్థిరపడిన మన పూర్వ విద్యార్థులు దీనికి పూనుకోవాలి. వ్యవసాయం, బోటనీ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఈ విద్యను చిన్నచూపు చూడవద్దు.

హాస్టల్ దరఖాస్తులో 'తండ్రి వృత్తి' అన్న గడిలో మనలో చాలామందిమి 'కూలీ' అని రాసినవాళ్లమే. నాన్నకు ఏ పని వచ్చో ఎవరూ అడగలేదు, మనమూ అడగలేదు. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు అడుగుదాం. ఆ గడిలో ఆ పని పేరే రాద్దాం.