గృహకృత్యములు: ఇంజను మూతను కడిగి రంగు వేయుట



ఇత్తడిబిందెను చింతపండుతో తోముట, రాగిపాత్రకు లోపల కళాయి వేయించుట, వానకు తడిసిన కిటికీ ఊచల త్రుప్పు గీకి రంగు పూయుట మనకు క్రొత్త పనులు గావు. ఈ మాసమున ఆ జాతిలోనిదే యగు మఱియొక పనిని గూర్చి వ్రాయుచున్నాను. అది మోటారుకారు ఇంజనుమీద నుండు మూతను ఇంటియొద్దనే శుభ్రముచేసి రంగు వేయుట. "వంటయింటివారికి బండితో నేమి పని?" యని యడుగువారు కొందఱుందురు. వారికి మహాభారతములోని నలుని కథయే ప్రత్యుత్తరము. బాహుకుడను పేరుతో ఋతుపర్ణుని కొలువున నున్నప్పుడు ఆయన రథము నడపుటయందును వంట చేయుటయందును సమానముగనే ప్రవీణుడై యుండెను. గరిటె పట్టిన చేయి పగ్గము పట్టరాదని మన పూర్వులు తలంపలేదు. మనమును తలంప నక్కఱలేదు.

మా సీమకు మోటారుబండి నేడు దూరపు వస్తువు గాదు. 1565వ సంవత్సరపు యుద్ధానంతరము విజయనగర ప్రభువులు రాజధానిగా జేసికొనిన పెనుగొండకు చేరువను, ఎఱ్ఱమంచి గ్రామమున కియా సంస్థవారి కార్ల కర్మాగారము వెలసినది. 2017 ఏప్రిలులో రాష్ట్రప్రభుత్వముతో ఒడంబడిక జరుగగా, 2019 ఆగస్టులో 'సెల్టోస్' అను బండి యచ్చట తయారై వెలికివచ్చెను. ఆ డిసెంబరులో కర్మాగారము లాంఛనముగా ప్రారంభింపబడినది. ఏటికి మూడు లక్షల బండ్లు చేయగల సామర్థ్యముతో దానిని నిర్మించిరి. ఇంతటి కర్మాగారము మన శ్రీ సత్యసాయి జిల్లాలోనే యుండగా, బండి మూత క్రింద నేమున్నదో మన యాడపిల్లలకు తెలియకుండుట పాడిగాదు.

ఏ మూతను గూర్చి చెప్పుచున్నానో ముందుగా స్పష్టపఱతును. బండి ముందుభాగమున పైకెత్తు పెద్ద ఱేకును బానెట్టందురు. నేను చెప్పునది యది గాదు. బానెట్టు నెత్తిన పిదప ఇంజను నెత్తిమీద కనబడు చిన్న మూత. క్రొత్త బండ్లలో మొదట కనబడునది చాలవఱకు నల్లని ప్లాస్టిక్కు కప్పు. అది చప్పుడును కొంత యణచుటకును, చూపునకును పెట్టినది. దానికి రంగక్కఱలేదు, ఇంజను చల్లారిన పిదప తడిగుడ్డతో తుడిచిన చాలును. దాని క్రిందనున్న అసలు మూతను, కంపెనీవారి పూచీకాలము తీరని బండియందు మనము విప్పరాదు. పాత బండ్లలో ఇనుపఱేకుతో గాని అల్యూమినియపు పోతతో గాని చేసిన అసలు మూతయే పైకి కనబడును. దానిక్రింద, వాల్వులను తెఱచుచు మూయుచు నుండు రాకర్లను చిన్న మీటలు ఎడతెగక ఊగుచుండును. వానిపై నూనె చిమ్ముచుండును. ఆ నూనె బయటికి పోకుండ, బయటి దుమ్ము లోనికి రాకుండ కాచుటయే మూత పని. మూతకును ఇంజనునకును నడుమ బెండుతో గాని రబ్బరుతో గాని చేసిన పట్టీ యొకటి యుండును. దానిని గాస్కెట్టందురు.

కోల్‌కతా చేరువనున్న ఉత్తర్‌పాడా కర్మాగారమున 2014వ సంవత్సరము మే నెలవఱకు తయారైన అంబాసిడరు బండిని మీరెల్లరు నెఱుగుదురు. అది ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు బండి నమూనా. పాత పెట్రోలు అంబాసిడరు ఇంజను మూత ఇనుపఱేకుది. రెండే నట్లతో బిగింపబడి యుండును. ఇంటివారు విప్పి పెట్టుకొనుట కింతకంటె సులభమైనది లేదు.

మా యామడగూరులో ఒక యింట నట్టి బండి యొకటి కలదు. ముసలి యత్తగారిని కదిరి వైద్యశాలకు కొనిపోవుట కా యింటి కోడలికి అదియే యాధారము. బండి నడచునపుడెల్ల మాడిన నూనెవాసన వచ్చుచుండెను. "ఇంజను చచ్చినది, పాతయినుము క్రింద అమ్ముకొనుడు" అని చూచినవారొకరు చెప్పిరి. ఆమె యమ్ముటకు ముందు మూతను పరీక్షించెను. అంతకుమున్నెవరో జిడ్డు కడుగకయే దానిపై వెండిరంగు చల్లియుండిరి. పెచ్చులెత్తిన యా రంగు క్రింద తడినూనె యుండెను; గాస్కెట్టు ఎండి యప్పడమువలె విఱిగియుండెను. కాఱిన నూనె, పొగ వెడలు వేడిగొట్టముపై పడుచుండెను. అట్టిది వాసనతో సరిపోవునది గాదు. నిప్పంటుకొనుటకును కారణము కావచ్చును. మూతను కడిగి క్రొత్త గాస్కెట్టు వేసిన పిదప వాసన పోయినది, బండి నిలిచినది. రంగు దోషమును కప్పినది. శుభ్రత దోషమును చూపినది. ఈ వ్యాసమున నేను ముఖ్యముగా చెప్పదలచిన దిదియే. ఇక పని విధము.

విప్పుట.— బండిని చదునైన నేలపై నిలిపి, చేతిబ్రేకు వేసి, రాత్రియంతయు చల్లారనిచ్చి యుదయమున పని ప్రారంభింపుడు. బ్యాటరీయొక్క ఋణధ్రువపు తీగను మొదట విప్పుడు. మూతను కదల్పకమునుపే దానిచుట్టు నున్న మట్టిని పాత కుంచెతో తుడిచివేయవలయును. లేనియెడల మూత యెత్తిన క్షణముననే యా మట్టి ఇంజనులో బడును. ఏ గొట్టమెచ్చట తగిలియుండెనో ఫోనుతో ఫొటో తీసికొనుడు. నట్లను, వాషర్లను ఒక టిఫిను డబ్బాలో వేసి మూతపెట్టుడు. మూత యంటుకొనియున్నచో ప్రక్కలనుండి చెక్కముక్కతో మెల్లగా తట్టుడు. స్క్రూడ్రైవరు దూర్చి పెకలించినచో అంచు వంగి, పిమ్మట నెంత బిగించినను నూనె కాఱును. తెఱచిన ఇంజనుపై పోగులూడని శుభ్రమైన గుడ్డ పఱచి, దానిపై ప్లాస్టిక్కు కప్పి, గాలికెగురకుండ కట్టుడు.

కడుగుట.— అంచున నంటియున్న పాత గాస్కెట్టును చెక్కపుల్లతో గీకి తీయుడు. జిడ్డును కిరసనాయిలుతో గాని డీజిలుతో గాని నానబెట్టి కుంచెతో రుద్ది, పిదప పాత్రలు తోము సబ్బు కలిపిన వేడినీటితో లోపల వెలుపల రెండుమూడు మాఱులు కడుగుడు. జిడ్డు పోయినదో లేదో తెలిసికొనుట కొక యుపాయము కలదు. మూతపై మంచినీరు పోయుడు. నీరు ముత్యములవలె విడివిడిగా నిలిచినచో జిడ్డింకను కలదు. పలుచని పొరగా సమముగా పఱచుకొనినచో పోయినది. అల్యూమినియపు మూతకు కాస్టిక్ సోడాను గాని చాకలిసోడాను గాని తగులనీయరాదు. సోడా యా లోహమును తినివేయును. కాస్టిక్ సోడా తగిలినచో మండెడు స్వభావము గల హైడ్రోజను వాయువు పుట్టును. సోడాతో తోమిన అల్యూమినియపు గిన్నె నల్లబడుట మన మెఱిగినదే గదా. ఇనుపమూతపై నున్న లేతత్రుప్పునకు చింతపండు గుజ్జు పనిచేయును. అందలి యామ్లము త్రుప్పును కరగించును. అయినను వెంటనే కడిగి, తుడిచి, యెండబెట్టనిచో త్వరలోనే మరల త్రుప్పు పట్టును.

గీకుట.— పాతరంగును నీటిలో ముంచి వాడు ఉప్పుకాగితముతోనే గీకవలయును, పొడిగా గీకరాదు. ఇది చాదస్తము గాదు. పాతరంగులలో సీసముండవచ్చును. ఆ ధూళి లోనికి పోయినచో ముఖ్యముగా చిన్నబిడ్డల మెదడునకు హాని కలుగును. మన దేశమున ఇండ్లకు వాడు రంగులలో సీసము పదిలక్షల భాగములకు 90 భాగములు మించరాదను నియమము 2016లో చేయబడి 2017 నవంబరునుండి యమలులోనికి వచ్చినది. కాని యది గృహములకును అలంకారమునకును వాడు రంగులకు జేసిన నియమము. పాతబండిపై నున్న రంగునకు అట్టి పూచీ లేదు. మొదట 120వ సంఖ్య కాగితముతోను, పిదప 240తోను, తుదకు 400తోను రుద్దుడు. వచ్చిన బురదను పాతకాగితములతో తుడిచి సంచిలో కట్టి పాఱవేయుడు. కోళ్లు గింజలేరుకొను పెరటిలో దానిని చల్లరాదు.

రంగు వేయుట.— మూత యెండిన పిదప దానిని ఒట్టిచేతితో తాకకుడు. చేతిజిడ్డు చాలును, అచ్చట రంగు నిలువదు. గాస్కెట్టు కూర్చుండు నంచును, నూనె పోయు రంధ్రమును అంటుకాగితముతో మూయుడు. లోపలివైపున రంగు వేయనే కూడదు. అది పెచ్చులుగా రాలి నూనెలో కలిసి సన్నని దారుల కడ్డుపడును. గోడలకును తలుపులకును వాడు రంగు ఇంజను వేడికిని నూనెకును నిలువదు. ఇంజనులకని ప్రత్యేకముగా జేసిన, వేడికోర్చు రంగునే కొనుడు. అల్యూమినియమునకు రంగు పట్టుట కష్టము గావున, ఆ లోహమునకు తగిన ప్రైమరును ముందు వేయవలయును, ఇనుమునకు ఇనుపప్రైమరు. స్ప్రే డబ్బాను రెండు నిమిషములు బాగుగా కుదిపి, సుమారు జానెడు పైచిలుకు దూరమునుండి పలుచగా చల్లుడు. మొదటి పూతలో క్రింది లోహము కొంత కనబడినను తొందరపడకుడు. పదిపదునైదు నిమిషములు ఆఱనిచ్చి రెండవ పూత, ఆ పిదప మూడవ పూత. దోసె పలుచగా పోసిన కాలును, మందముగా పోసిన ముద్దయగును; రంగును నట్లే. ఒక్కమాఱే దట్టముగా చల్లినచో కన్నీటి చారలవలె కాఱును.

మా సీమయందు వాన తక్కువ. గాలి పొడిగా నుండుట రంగునకు మేలే. కాని రామగిరి కొండలపై గాలిమరలను త్రిప్పెడు ఆషాఢశ్రావణముల గాలిలో నీ పని పెట్టుకొనినచో, తడిరంగుపై ఇసుక యద్దినట్లగును. మాఘఫాల్గుణముల యుదయమునందు, పంచక్రింద, మూడువైపుల బట్ట కట్టి చేసినచో మేలు. రంగు పూర్తిగా గట్టిపడుటకు రెండుదినములైన ఆఱనిండు. వంటపొయ్యిమీదను, రొట్టెలు కాల్చు ఓవెనులోను పెట్టి యారబెట్టరాదు. ఆ యావిరి మన యన్నమున చేరును. మిగిలిన గట్టిదనమును ఇంజను వేడియే యిచ్చును.

బిగించుట.— పాత గాస్కెట్టు బాగున్నట్లు తోచినను మరల వాడకుడు. క్రొత్తదానిని సరిగా కూర్చుండబెట్టి, నట్లను ఒకదాని తరువాత నొకటిగా, కొంచెము కొంచెముగా బిగింపుడు. బలముకొలది బిగించుట గొప్పగాదు. ఱేకు వంగి నడుమ సందు పడును. కప్పిన గుడ్డ తీసితిమా, గొట్టములన్నియు ఫొటోలో నున్నట్లే తగిలించితిమా యని చూచుకొని, బ్యాటరీ తీగ కలిపి, ఇంజను నడిపి, అంచుపొడవున వ్రేలితో గాక కంటితో పరీక్షింపుడు. నూనెచెమ్మ కనబడనిచో పని నెఱవేఱినది.

జాగ్రత్తలు.— థిన్నరు, కిరసనాయిలు, పెట్రోలు ఉన్నచోట పొయ్యి గాని దీపము గాని అగరువత్తి గాని యుండరాదు. పెట్రోలుతో కడుగనే కడుగరాదు. చేతులకు తొడుగులు, ముక్కునకు తగిన మాస్కు అవసరము. పైటకొంగు ముక్కున కప్పుకొనుట రంగుపొగను ఆపదు. చూలాలును చంటిబిడ్డతల్లియు నీ పనికి దూరముగా నుండుట మేలు. మిగిలిన కిరసనాయిలును శీతలపానీయపు సీసాలో పోసి యుంచకుడు. దాహముతో వచ్చిన బిడ్డ నీళ్లనుకొని త్రాగుట మన పల్లెలలో వినని మాట గాదు. అట్లు జరిగినచో వాంతి చేయింపరాదు. కిరసనాయిలు ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణాపాయము కలిగించును. వెంటనే 108కు ఫోనుచేసి వైద్యశాలకు కొనిపోవలయును. నూనెరంగు తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలను పడవేయక, విప్పి బయట ఆఱవేయుడు. కొన్ని నూనెలు తాగిన గుడ్డలు కుప్పగానున్నచో తమంతట తామే వేడెక్కి యంటుకొనును. కడిగిన జిడ్డునీటిని బావిదరిని గాని పశువులు త్రాగు తొట్టిప్రక్కను గాని పోయరాదు. డబ్బాలో నింపి, పాతనూనె తీసికొను మెకానిక్కుల కిచ్చుడు.

కుటుంబపు కారునకు 15 ఏండ్లు నిండిన పిదప రిజిస్ట్రేషనును 5 ఏండ్ల కొకమాఱు పునరుద్ధరించుకొనవలయును. అప్పుడు బండిని పరీక్షింతురు. పాతబండిని నమ్ముకొనిన కుటుంబము దాని లోపములను ముందుగనే యెఱిగియుండుట ధనమునకును ప్రాణమునకును రక్ష.

ఈ పని యింట జరుగునపుడు మీ యాడపిల్లలను ప్రక్కన నిలుపుకొనుడు. స్పానరు వారిచేతి కిండు. ఐ.టి.ఐ. పాఠశాలలలో మోటారు మెకానిక్కు విద్య రెండేండ్ల చదువు. అది మగపిల్లలకే యని యెచ్చటను వ్రాసిలేదు. చేరునో చేరదో తరువాతి మాట. "ఇంజను చచ్చినది, అమ్ముకొనుడు" అని యెవరైన చెప్పినప్పుడు, "ఉండుడు, మూత తీసి చూతము" అనగల ధైర్యము వారికి కలిగినచో, అదియే పుట్టినింటివారు పెట్టి పంపు నిజమైన సారె.