బాలలే కృతిపతులు

తెలుగు కావ్య సంప్రదాయంలో గ్రంథానికి కర్తతో పాటు భర్త కూడా ఉంటాడు. రచించినవాడు కృతికర్త. దానిని అంకితంగా స్వీకరించినవాడు కృతిభర్త. అతనినే కృతిపతి అని కూడా అంటారు. కావ్యాన్ని కన్యగా భావించి, తగిన కృతిపతికి సమర్పించడం కవులు తమ బాధ్యతగా ఎంచేవారు. ఆ సమర్పణం ఒక మహోత్సవం. 1509 నుండి 1529 వరకు విజయనగరాన్ని పాలించిన శ్రీకృష్ణదేవరాయలు, మనుచరిత్రను స్వీకరించిన వేళ అల్లసాని పెద్దన కూర్చున్న పల్లకిని తన చేతితో స్వయంగా ఎత్తాడని ఒక ప్రసిద్ధ పద్యం చెబుతుంది. పుస్తకం లోకంలో అడుగుపెట్టే రోజు పండుగ కావాలన్న భావన తెలుగువారికి కొత్తది కాదు.

మరి బాలల పుస్తకానికి కృతిపతి ఎవరు? దానిని చదువవలసిన బాలుడు, బాలిక. నేడు అనేక పుస్తకావిష్కరణ సభలలో ఆ కృతిపతికి దక్కుతున్న స్థానాన్ని గమనిస్తే విచారం కలుగుతుంది. వేదికపై ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి ఆసీనులై ఉంటారు. పిల్లలు ప్రార్థనాగీతం పాడి, పూలగుత్తులు అందించి, చాపలపై కూర్చుంటారు. ఆపైన రెండు గంటల సేపు ఉపన్యాసాలు సాగుతాయి. బాలసాహిత్యం ఎంత అవసరమో పెద్దలు పెద్దలకే వివరిస్తారు. దుశ్శాలువలు, జ్ఞాపికలు చేతులు మారుతాయి. రంగుకాగితం విప్పిన కొత్త పుస్తకాన్ని అతిథులు ఛాయాచిత్రం కోసం ఎత్తి చూపి, తమ సంచులలో వేసుకొని వెళ్ళిపోతారు. పిల్లలకు బిస్కెట్ల పొట్లం దక్కుతుంది. పుస్తకం ఎవరి కోసం పుట్టిందో వారి చేతికి అందకుండానే దాని పండుగ ముగిసిపోతుంది.

ఈ పద్ధతి మారాలి. బాలల పుస్తకం విడుదల బాలల పండుగగా జరగాలి. అందులో ఆట ఉండాలి, పాట ఉండాలి, కానుక ఉండాలి. ఆ కానుక పుస్తకమే కావాలి.

విద్యకూ వినోదానికీ వైరం లేదని భారతీయ సాహిత్యం ఏనాడో నిరూపించింది. చదువు అంటని ముగ్గురు రాకుమారులను అమరశక్తి మహారాజు విష్ణుశర్మకు అప్పగించాడు. సింహాలను, నక్కలను, కాకులను పాత్రలుగా చేసి చెప్పిన కథలతో ఆరు నెలలలో వారిని నీతికోవిదులను చేశాడు విష్ణుశర్మ. పంచతంత్రం పుట్టుకను గురించిన ఈ కథ ఒక బోధన రహస్యాన్ని తెలుపుతుంది. తాను నేర్చుకొంటున్నానన్న బెదురు పోయినప్పుడే బాలుని మనస్సు తలుపులు తెరుస్తుంది. ఇరవయ్యవ శతాబ్దంలో ఈ రహస్యాన్ని బాగా గుర్తించినవారు న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలుగా పేరుపొందిన ఆ దంపతులు ఒకవైపు రేడియోలో పిల్లల చేత పాటలు పాడించి నాటికలు వేయించారు. మరొకవైపు 1945లో 'బాల' పత్రికను స్థాపించారు. గొంతెత్తి పాడిన పిల్లలే ఆ పత్రికకు చదువరులయ్యారు, రచయితలయ్యారు. ఆటపాటలు అచ్చు అక్షరానికి దారి చూపాయి.

ఇతర దేశాలలోనూ ఇటువంటి వేడుకలు కనిపిస్తాయి. జె.కె. రౌలింగ్ రచించిన హ్యారీ పోటర్ నవలలలో మొదటిది ఇంగ్లండులో 1997లో వెలువడినప్పుడు గట్టి అట్టతో అచ్చయిన ప్రతులు 500 మాత్రమే. దాని విడుదలకు ఎవరూ పండుగ చేయలేదు. మూడవ భాగాన్ని 1999లో పాఠశాలలు వదిలిపెట్టే వేళకు, మధ్యాహ్నం 3 గంటల 45 నిమిషాలకు, అమ్మకానికి పెట్టారు. పిల్లలు బడి మాని దుకాణాలకు పరుగెత్తకూడదన్నది వారి ఉద్దేశం! నాలుగవ భాగంతో 2000లో అర్ధరాత్రి విడుదలలు ఆరంభమయ్యాయి. గుండ్రని కళ్ళద్దాలు పెట్టుకొని, నుదుట మెరుపు గీత దిద్దుకొని, మాంత్రికుల అంగీలు తొడుక్కొని పిల్లలు తల్లిదండ్రులతో కలిసి దుకాణాల ముందు బారులు తీరారు. చివరి భాగం 2007 జూలై 21న విడుదల కాగా, ఒక్క అమెరికాలోనే మొదటి ఇరవైనాలుగు గంటలలో 83 లక్షల ప్రతులు అమ్ముడయ్యాయని ప్రచురణకర్తలు ప్రకటించారు.

ఈ ఉదంతాన్ని తొందరపడి అర్థం చేసుకోరాదు. వేడుక వలన ఆ పుస్తకం ప్రసిద్ధి చెందలేదు. ఒకరు చదివి మరొకరికి చెప్పగా పెరిగిన ప్రీతి మూడు భాగాల తరువాత వేడుకగా పొంగింది. పేరులేని కొత్త పుస్తకానికి అంతటి ఆర్భాటం చేసినా ఫలితం ఉండదు. కొత్త పుస్తకం వేడుక చేయవలసిన పని వేరు. అది బాలునికీ పుస్తకానికీ తొలి పరిచయం చేయాలి. ఇంటికి వచ్చిన కొత్త చుట్టాన్ని పిల్లలకు పరిచయం చేసేటప్పుడు వారి బిరుదులు ఏకరువు పెట్టరు. దగ్గర కూర్చోబెట్టి నాలుగు మాటలు చెప్పిస్తారు. పుస్తకానికి కూడా అదే మర్యాద వర్తిస్తుంది.

వేడుక దారి తప్పే ప్రమాదం కూడా ఉంది. బ్రిటనులో 1998 నుండి పాఠశాలలు ప్రపంచ పుస్తక దినోత్సవాన్ని జరుపుతున్నాయి. పిల్లలకు ఒక పౌను విలువగల టోకెను ఇస్తారు. దానితో ఈ సందర్భానికై ప్రత్యేకంగా అచ్చువేసిన చిన్న పుస్తకాలలో ఒకదానిని ఉచితంగా తెచ్చుకోవచ్చు. ఇది మెచ్చుకోదగిన ఏర్పాటు. అయితే ఆనాడు కథలలోని పాత్రల వలె వేషం ధరించి రావడం ఆచారంగా మారి, ఖరీదైన దుస్తులు కొనవలసిన భారం తల్లిదండ్రులపై పడింది. దానిని గుర్తించిన కొన్ని పాఠశాలలు, వేషాలకు బదులు ఒక బంగాళాదుంపనో చెక్క గరిటెనో కథాపాత్రగా అలంకరించి తెమ్మన్నాయి. ఖర్చు తగ్గింది, కల్పన మిగిలింది. ఈ చిన్న మార్పులో పెద్ద పాఠం ఉంది. పండుగ ఘనత వెచ్చించిన ధనంలో ఉండదు. పిల్లల చేతులకు పని, ఊహకు రెక్కలు ఇవ్వడంలో ఉంటుంది.

కానుకల విషయానికి వస్తే, ఉచితంగా లభించిన పుస్తకానికి విలువ ఉండదని కొందరు వాదిస్తారు. తెలుగువారి ఆచారమే ఈ వాదానికి సమాధానం చెబుతుంది. అక్షరాభ్యాసం నాడు తల్లిదండ్రులు తమ బిడ్డతో పాటు చుట్టుపక్కల పిల్లలకు పలకలు, బలపాలు పంచిపెడతారు. ఉచితంగా వచ్చిందన్న కారణంతో ఆ పలకపై ఏ బిడ్డా అక్షరాలు దిద్దడం మానలేదు. పూర్వం దసరా పండుగకు పిల్లలు విల్లంబులు పట్టుకొని అయ్యవారి వెంట ఇంటింటికీ తిరిగి పద్యాలు పాడేవారు. గృహస్థులు అయ్యవారికి సంభావన, పిల్లలకు పప్పుబెల్లాలు ఇచ్చేవారు. పద్యం నోటికి వచ్చిన నాడు తీపి తిన్న బాలునికి ఆ పద్యం తీపిగానే జ్ఞాపకం ఉంటుంది.

అయితే కానుకను పోటీతో ముడిపెట్టడం పొరపాటు. ప్రశ్నలకు జవాబు చెప్పినవానికే పుస్తకం బహుమతి అంటే ఏమవుతుంది? ఇంట్లో ఇదివరకే పదిపుస్తకాలు ఉన్న పిల్లవాడు లేచి జవాబు చెబుతాడు, పదకొండవది అందుకొంటాడు. ఇంట్లో పాఠ్యపుస్తకం తప్ప మరొకటి ఎరుగని పిల్లవాడు చప్పట్లు కొట్టి, వట్టి చేతులతో ఇంటికి పోతాడు. అందువలన కానుక అందరికీ అందాలి. అందరికీ ఇవ్వలేనప్పుడు ఆ ప్రతులను బడి గ్రంథాలయానికి ఇచ్చి, అందరి చేతులలోనూ తిరిగేటట్లు చూడాలి.

పుస్తకం సరస్వతీ స్వరూపమనీ, ఆటపాటలతో దాని గౌరవం తగ్గుతుందనీ మరికొందరి శంక. ఈ శంక వెనుక ఉన్న భక్తి ఆదరణీయమే. కాని అల్మరాలో తాళం వేసిన పుస్తకానికి జరిగే గౌరవం ఏమిటి? పిల్లల వేళ్ళ మరకలు పడి, మూలలు నలిగిన పుస్తకమే నిజంగా పూజలందుకొన్న పుస్తకం. ఇదంతా ప్రచురణకర్తల వ్యాపార ప్రచారమే కదా అన్న ఆక్షేపణ కూడా ఉంది. అందులో కొంత సత్యం లేకపోలేదు. బొమ్మలు, బెలూన్లు పంచి పుస్తకాన్ని మాత్రం పంచని వేడుక ప్రచారమే అవుతుంది. ఏ వేడుకనైనా పరీక్షించడానికి ఒక్క ప్రశ్న చాలు: మరునాడు ఎందరు పిల్లలు ఆ పుస్తకాన్ని తెరిచారు?

ఈ పండుగకు పెద్ద సభామందిరం అక్కరలేదు. బడిలోని చెట్టునీడ చాలు, శాఖా గ్రంథాలయం వరండా చాలు. రచయిత కథలో ఒక భాగాన్ని తానే చదివి, చిక్కుముడి పడిన చోట ఆపాలి. తరువాత ఏమై ఉంటుందో పిల్లలు ఊహించి చెప్పాలి. చిత్రకారుడు కథలోని ఏనుగును నల్లబల్లపై గీస్తుంటే వారు పలకలపై గీయాలి. పాత కాగితాలతో ముఖాలకు తొడుగులు చేసుకొని కథను ఆడి చూపాలి. రచయితను పిల్లలే ప్రశ్నించాలి. చివరకు ప్రతి ప్రతిపైనా ఒక బాలుని పేరో, బాలిక పేరో వ్రాసి చేతికి ఇవ్వాలి. అదే నిజమైన అంకితం. దుశ్శాలువలకు, పూలమాలలకు, జ్ఞాపికలకు అయ్యే ఖర్చుతో పదహారు పుటల బొమ్మల కథల పుస్తకాలు ఒక తరగతికి సరిపడా వస్తాయి.

ఇది వినోదానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. 'బాల' 1959లో ఆగిపోయింది. 1947లో ఆరంభమై అనేక తరాల పిల్లలకు తెలుగు చదవడం అలవాటు చేసిన 'చందమామ' సైతం 2013 నాటికి నిలిచిపోయింది. నెలనెలా ఇంటికి వచ్చే కథ రాకపోవడంతో, అనేకమంది పిల్లలకు తెలుగు అంటే మార్కుల కోసం చదివే పాఠం మాత్రమే అయింది. సంతోషం కోసం చదవని భాష నాలుకపై కొంతకాలం నిలిచినా కలం వరకు రాదు. ఈ లోటు తీర్చే ప్రయత్నాలు కొన్ని లేకపోలేదు. ప్రథమ్ బుక్స్ సంస్థ 2012లో ఆరంభించిన ఒక కార్యక్రమంలో అంతర్జాతీయ అక్షరాస్యతా దినమైన సెప్టెంబరు 8న, స్వచ్ఛంద కార్యకర్తలు దేశంలోని అనేక ప్రాంతాలలో ఒకే కథను వివిధ భాషలలో పిల్లలకు చదివి వినిపించారు. ఏటా జరిగే విజయవాడ పుస్తక మహోత్సవంలో పుస్తక ప్రియులు పాదయాత్ర చేస్తారు. పల్లకి స్థానంలో పాదయాత్ర వచ్చింది. పుస్తకం మళ్ళీ వీథిలోకి వచ్చింది.

ఈ పనిలో జూనియర్ కళాశాల విద్యార్థుల పాత్ర ముఖ్యమైనది. వారు బాల్యానికి దూరం కాలేదు, పెద్దరికానికి దగ్గర అవుతున్నారు. జాతీయ సేవా పథకం ద్వారా గాని, స్నేహితుల బృందంగా గాని సమీపంలోని ప్రాథమిక పాఠశాలకు ఒక కొత్త కథల పుస్తకంతో వెళ్ళి, ఒక పూట చదివి వినిపించి, ఆడించి, ఆ పుస్తకాన్ని అక్కడే వదలి రావడానికి పెద్ద ధనం అవసరం లేదు. నాడు ఒక చక్రవర్తి కవి పల్లకికి చేయి ఆనించాడు. నేడు కృతిపతులు చిన్నవారు. వారి చేతులు పల్లకిని ఎత్తలేవు. ఆ చేతులలో పుస్తకం ఉంచే పని పెద్దలది, వారి అన్నలది, అక్కలది.