బొమ్మలో భయము - బ్రతుకులో భయము

భయము గొలుపు చలనచిత్రములన్నియు నింద్యములని మేము చెప్పుట లేదు. 2009వ సంవత్సరమున వెలువడిన ‘అరుంధతి’ని చూచినవారెవ్వరును దర్శకులగు కోడి రామకృష్ణగారి నేర్పును కాదనజాలరు. కథ గద్వాల సంస్థానమున నడచినను, తెరపై గన్పట్టునది మన బనగానపల్లె నవాబుగారి బంగళాయే. నేడు జనులు దానిని ‘అరుంధతి బంగళా’ యనియే పిలుచుచున్నారు. నవాబు పేరు మఱుగుపడి దయ్యపుకథ పేరు నిలిచినది! అయినను ఆ కథకు ప్రాణము దయ్యము కాదు. బ్రతికియుండగా బలహీనులను హింసించిన రాజబంధువు చచ్చియు విడువడను భావమే దానికి ప్రాణము. దౌర్జన్యము నెఱిగిన సీమలో అట్టి భయమునకు వేరు గలదు.

కాని హాలులో దీపములు వెలుగగానే యా భయము తొలగిపోవును. దీపములు వెలిగిన పిదపను తొలగని భయమును చూపునది డాక్యుమెంటరీ చిత్రము. జాదుగూడ యురేనియము గనుల చుట్టుపట్ల నివసించు ప్రజల యవస్థనుగూర్చి శ్రీప్రకాశ్‌గారు 1999లో నొక చిత్రము నిర్మించిరి. ఆ గనులను నడపు సంస్థయే కడప జిల్లా తుమ్మలపల్లెయందును గని నడపుచున్నది. వ్యర్థముల చెరువువలన తమ బోరునీరు చెడినదని యచటి రైతులు మొరపెట్టుకొనిరి, సంస్థవారు కాదనిరి. ఇట్టి వివాదమున నిష్పక్షపాతమైన కెమేరా సాక్షివంటిది. న్యాయస్థానములతో నిత్యపరిచయముగల మాకు సాక్షి విలువ తెలియును.

అట్టి సాక్షికి తావెక్కడ? ప్రభుత్వమువారు ఆమోదించిన లఘుచిత్రములను ప్రతి సినిమాహాలునందును విధిగా ప్రదర్శింపవలెనను నిబంధన చిరకాలముండెను. 1999లో సుప్రీంకోర్టు దానిని సమర్థించెను. ఫలితమేమి? 1948లో నెలకొల్పబడిన ఫిలిమ్స్ డివిజన్‌వారి బొమ్మలు తెరకెక్కెను. స్వతంత్రుల బొమ్మలు గడప వెలుపలనే నిలిచెను. 2022లో నా శాఖయు జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో లీనమైనది.

జనులు చూడరని హాళ్ల యజమానులందురు. చూపకయే చూడరనుట విచారణ లేకయే తీర్పు చెప్పుటవంటిది. కర్నూలు, కడప పట్టణముల యజమానులు వారమునకొక యుదయపుటాటనైనను స్వతంత్రచిత్రముల కీయవలెను. గ్రంథాలయములవారు, పఠనమందిరములవారు గోడకొక తెల్లగుడ్డ కట్టి, చిత్రము చూపి, ఉభయపక్షములవారిని పిలిచి చర్చ నడపవలెను. ఇందుకు కావలసినది ధనము కాదు, పూనిక.

దయ్యమును చూచి జడిసినవాడు ఇంటికిబోయి తలుపు వేసికొనును. చెడిన నీటిని చూచి జడిసినవాడు తలుపు తీసి నలుగురిని పిలువవలెను. ఈ రెండవ భయమే నేడు మన సీమకు కావలసియున్నది.